పీత గాలిస్తుంది, రాజహంస జల్లిస్తుంది

సూళ్ళూరుపేట పక్క ఊళ్ళో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి నాకు ప్రశ్న పంపింది. "మేడం, మా పులికాట్‌లో ఫ్లెమింగోలు తల తలకిందులు చేసి ముక్కు నీళ్ళలో పెట్టి తింటాయి కదా, ముక్కు రంధ్రాల్లోకి నీళ్ళు పోవా? అడుగున అంతా బురదే, మరి బురద కూడా మింగుతాయా?"

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. ఫ్లెమింగో ముక్కు రంధ్రాలు సన్నటి చీలికల్లా ఉంటాయి. వాటి మీద తోలుపొర ఒకటి మూతలా వాలుతుంది. రెండో ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయాను. బురద మింగకుండా బురదలో తిండి తినడం ఎలా? ఆలోచించిన కొద్దీ ఇది ఫ్లెమింగో ఒక్కదాని కష్టం కాదనిపించింది. సముద్రం ఒడ్డున తిండికి కొరత లేదు. కాకపోతే అదంతా ఇసుకలో, బురదలో, ఉప్పునీళ్ళలో కలిసిపోయి ఉంటుంది. దాన్ని వేరుచేసుకోవడం చేతనైన జీవే అక్కడ బతుకుతుంది.

మా ఆయనకు పక్షులంటే ప్రాణం. నాకు ఆ పక్షుల కాళ్ళ కింద ఉండే బురదంటే ఇష్టం. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు అరిసెల డబ్బా, బైనాక్యులర్లు, ఒక భూతద్దం కారులో వేసుకుని ఇద్దరం బయల్దేరాం. ముందు విశాఖ నుంచి ఉత్తరంగా భీమిలికి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి కాకినాడ, కోరింగ, ఆపైన 216వ నంబరు జాతీయ రహదారి మీద మచిలీపట్నం, చీరాల మీదుగా ఒంగోలు, చివరికి నేలపట్టు, సూళ్ళూరుపేట. ఐదు రోజులు. ఆ అమ్మాయి ప్రశ్న దారంతా మాతోనే వచ్చింది.

భీమిలి ఒడ్డున మొదట నా కళ్ళు పడింది జంతువు మీద కాదు, ఇసుక మీద. అల వెనక్కి జారిన చోట తెల్లటి ఇసుక మీద కాటుక గీసినట్టు నల్లటి చారలు. అక్కడక్కడా ఎర్రటి జీర. నలుపు ఇల్మనైట్, ఎరుపు గార్నెట్. ఈ తీరంలో ఈ ఖనిజాలు ఉన్నాయని భూగర్భశాస్త్రం చదివిన వాళ్ళందరికీ తెలుసు. నన్ను ఆపేసింది వేరే సంగతి. ఇంత ఇసుకలో కలిసి ఉన్న నల్ల రేణువుల్ని ఏరి ఒకచోట పోగుచేసింది ఎవరు? అలలే. సముద్రం బియ్యం గాలించినట్టు ఇసుకను గాలించింది.

గాలించడం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. రాయీరప్పా లేని సార్టెక్స్ బియ్యం సంచుల్లో వస్తున్నాయి కాబట్టి ఇళ్ళలో ఆ పని పోయింది. మా అమ్మ రెండు సత్తు గిన్నెలు ముందు పెట్టుకునేది. ఒకదాంట్లో బియ్యం, నిండా నీళ్ళు. ఆ గిన్నెను కాస్త వంచి మణికట్టుతో ఊపుతూ, ఊపు ఊపుకీ పైకి లేచిన బియ్యాన్ని నీళ్ళతో సహా రెండో గిన్నెలోకి జారవిడిచేది. కళ్ళు గిన్నె మీద ఉండేవి కావు, ఎవరితోనో మాట్లాడుతూనే ఉండేది. చివరికి మొదటి గిన్నె అడుగున చారెడు బియ్యం, వాటి కింద నాలుగు రాళ్ళు మిగిలేవి. ఆ రాళ్ళు బియ్యం గింజంతే ఉండేవి. జల్లెడకు దొరకనివి, చాటలో చెరిగితే పోనివి, నీళ్ళలో మాత్రం దొరికిపోయేవి.

ఎందుకు దొరికిపోతాయో లెక్క వేసి చూడండి. బియ్యం గింజ సాంద్రత సుమారు 1.45. మామూలు రాయిది 2.65. ఒకే సైజు గింజా రాయీ తీసుకుని గాలిలో తూస్తే రాయి బరువు గింజకు రెట్టింపు కూడా ఉండదు, 1.8 రెట్లు ఉంటుందంతే. ఇప్పుడు రెంటినీ నీళ్ళలో ముంచండి. నీరు తాను తొలగినంత బరువును రెంటి నుంచీ తీసేసుకుంటుంది. నీటి సాంద్రత 1 కాబట్టి రెంటిలోంచీ 1 తీసేయాలి. గింజకు 0.45 మిగిలింది, రాయికి 1.65. ఇప్పుడు రాయి గింజకు 3.7 రెట్లు బరువు! గింజ మారలేదు, రాయి మారలేదు. రెంటికీ మధ్య తేడాను నీళ్ళు రెట్టింపు చేసి చూపించాయి. ఆర్కిమిడీస్ సూత్రం ఇది. మా అమ్మకు ఆ పేరు తెలియదు, సూత్రం మాత్రం మణికట్టులో ఉండేది.

ఆరో తరగతిలో మిశ్రమాలను వేరుచేయడం పాఠం నేను చాలా ఏళ్ళు చెప్పాను. తూర్పారబట్టడం, జల్లించడం, తేర్చడం, వడపోత అని పిల్లలు వరసగా అప్పజెప్పేవాళ్ళు. ఒక్కొక్కదానికి రెండు లైన్ల నిర్వచనం, రెండు మార్కులు. ఈ పనుల్లో ఏది సైజును చూస్తుంది, ఏది బరువును చూస్తుంది అని అడిగితే తరగతి మొత్తం నిశ్శబ్దం. పాఠంలో ప్రాణం ఉన్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. జల్లెడ సైజును చూస్తుంది. చాట గాలిలో బరువును చూస్తుంది. గాలింపు నీళ్ళలో బరువును చూస్తుంది. ఈ మూడూ వేర్వేరు పరీక్షలు, ఒకదాంట్లో తప్పించుకున్నది ఇంకోదాంట్లో పట్టుబడుతుంది.

సముద్రం విషయానికే వస్తే, ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, సాంద్రత 2.65. ఇల్మనైట్‌ది సుమారు 4.7. అల మీదికి వచ్చేటప్పుడు అన్నిటినీ మోసుకొస్తుంది. వెనక్కి జారేటప్పుడు బలం తగ్గుతుంది, తేలికవాటిని మాత్రం తీసుకుపోతుంది, బరువైనవి ఉన్నచోటే ఉండిపోతాయి. రోజంతా అదే పని.

మర్నాడు పొద్దున గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాం. అంతకుముందు సాయంత్రం పోటు మీద వెళ్ళి ఏమీ చూడలేకపోయాం. తీరంలో జంతువుల్ని చూడాలంటే గడియారం కాదు, ఆటుపోట్లు చూసుకోవాలి. నీరు బాగా వెనక్కి తగ్గడానికి గంట ముందు చేరుకుంటే మంచిది. ఆ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ పోతుంది. ఎందుకు జరుగుతుందో, చంద్రుడి పాత్ర ఏమిటో పాఠ్యపుస్తకాల్లో ఉంది కాబట్టి దాటేస్తున్నాను.

తడి ఇసుక మీద శనగగింజ కన్నా చిన్న ఇసుక గుండ్లు. వేలకు వేలు. మధ్యలో పెన్సిలు దూరేంత కన్నం, దాని చుట్టూ సూర్యకిరణాల్లా వరసలు తీరిన గుండ్లు. ఇలాంటి ముగ్గు ప్రతి అడుగుకీ ఒకటి. "ఏవండీ, ఇలా రండి, అడుగు చూసి వేయండి" అన్నాను. ఆయన ఆకాశంలో ఏదో గద్దను వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నారు. కదలకుండా ఐదు నిమిషాలు కూర్చుంటే గానీ పీత బయటికి రాలేదు. బఠాణీ గింజంత ఒళ్ళు, ఇసుక రంగు. వచ్చాక ఇక మమ్మల్ని పట్టించుకోలేదు.

భూతద్దంలో చూశాను. రెండు చేతుల డెక్కలతో ఇసుకను చకచకా నోటికి అందిస్తోంది. నోరు అంటే మన నోరులాంటిది కాదు, ముందు రెండు వెడల్పాటి తలుపుల్లాంటి అవయవాలు. వాటి పైఅంచున ఇసుక ఉండలా పేరుకుంటూ వస్తోంది. ఉండ కళ్ళ దాకా ఎదగ్గానే ఒక డెక్కతో దాన్ని తుంచి, కాళ్ళ కింద నుంచి వెనక్కి తోసేస్తోంది. మళ్ళీ రెండడుగులు, మళ్ళీ ఇసుక. నిమిషానికి ఆరేడు గుండ్లు. మా ఆయన లెక్కపెట్టారు, నేను చూశాను.

ఆ తలుపుల వెనక జరుగుతున్నది గాలింపు. ఈ గుండ్లు చేసే డోటిల్లా, స్కోపిమెరా జాతుల పీతలు మొప్పల గదిలో కాసిని నీళ్ళు దాచుకుంటాయి. నోట్లో ఇసుక పడగానే ఆ నీటిని నోటిలోకి వదులుతాయి. నోటి అవయవాల మీద గరిట ఆకారంలో సన్నటి వెంట్రుకలుంటాయి, అవి ఇసుక రేణువులకు అంటుకున్న పాచిని తోముతాయి. ఆ పాచిలో డయాటములనే ఏకకణ జీవులు, బాక్టీరియా, కుళ్ళిన ఆకుల పొడి ఉంటాయి. అవి ఊడిపోయి నీళ్ళతో పైకి తేలతాయి, ఇసుక కిందికి దిగుతుంది. తేలినదాన్ని పీత మింగుతుంది, దిగినదాన్ని ఉండచేసి పారేస్తుంది. నీళ్ళను మాత్రం పారేయదు, మళ్ళీ మొప్పల గదిలోకి లాక్కుంటుంది. ఆ నీళ్ళు అయిపోవస్తే తడి ఇసుక మీద ఒళ్ళు ఆనించి కూర్చుంటుంది. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు ఒంటి కింది వెంట్రుకల కుచ్చులు ఇసుకలోని తడిని పీల్చుకుంటాయి.

ఇక్కడ మళ్ళీ పాత లెక్కే. ఇసుక సాంద్రత 2.65, పాచి పొడిది 1.05 అనుకుందాం. గాలిలో ఇసుక రెండున్నర రెట్లు బరువు. నీళ్ళలో? 1.65ని 0.05తో భాగించండి. 33 రెట్లు! మా అమ్మకు నీళ్ళు రెట్టింపు సాయం చేశాయి, పీతకు పదమూడు రెట్లు సాయం చేస్తున్నాయి. ఇంకొంచెం ముందుకు వెళ్తే ఇంకా బాగుంటుంది. చిన్న రేణువు నీళ్ళలో మునిగే వేగాన్ని స్టోక్స్ సూత్రం చెబుతుంది. ఆ వేగం సాంద్రతల తేడాను బట్టి, రేణువు వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.2 మి.మీ. ఇసుక రేణువు సెకనుకు సుమారు 2 సెం.మీ. దిగుతుంది. అంతే సైజున్న పాచి తునక సెకనుకు 1 మి.మీ. మాత్రమే. తునక 0.05 మి.మీ. అయితే అందులోనూ పదహారో వంతు. పీత నోరు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు. ఇసుక అడుగుకు చేరడానికి సెకనులో పదో వంతు చాలు, పాచి దిగడానికి పదిహేను నుంచి ముప్పై సెకన్లు పడుతుంది. ఆ మధ్య సమయంలో పీత తన పని ముగించుకుంటుంది. నిమిషానికి ఆరేడు గుండ్లు ఎలా సాధ్యమో నాకు ఈ లెక్క వేశాకే అర్థమైంది.

గుండ్లు అలా వరసగా పేర్చడానికి కారణం అందం కాదు. ఒకసారి గాలించిన ఇసుక మళ్ళీ నోటికి రాకూడదు. అందుకే కన్నం నుంచి బయటికి ఒక కాలవలా గీసుకుంటూ పోతుంది, గాలించినది పక్కకి పేరుస్తుంది. ప్రమాదం కనబడితే ఆ కాలవ వెంబడే కన్నంలోకి పరుగు. ఇంకో విశేషం, ఈ పీతల కాళ్ళ మీద పలచటి పొరలతో చిన్న కిటికీల్లాంటి మచ్చలు ఉంటాయి. వాటి గుండా గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుంటాయని 1986లో తేలింది. అంతకుముందు అవి వినడానికి పనికొచ్చే పొరలనుకునేవారు. నీళ్ళు తగ్గి తిండి తినే గంటల్లో ఆ కాళ్ళే ఊపిరితిత్తులు.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడిచాం. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. బావురుపిల్లి కనిపిస్తుందేమోనని మా ఆయన తెల్లవారుజామునే లేపారు. అది రాత్రి తిరిగే జంతువు, కనిపించలేదు. బురదలో అడుగు జాడలు చూసి సంతోషపడ్డాం. నీటికుక్కల గుంపు ఒకటి కాలవ దాటుతూ అర నిమిషం కనిపించింది. నేను ఎక్కువసేపు ఉండిపోయింది వంతెన కింద.

అక్కడ ఒంటిచెయ్యి పీతలు. ఫిడ్లర్ పీతలంటారు. మగదానికి ఒక డెక్క ఒంటికంత పెద్దది, రంగురంగులది, ఆడదాన్ని పిలవడానికి, పక్కవాడితో తగాదాకి. తిండికి పనికిరాదు. ఆడపీత రెండు చేతులతో తింటుంటే మగది ఒక్క చేత్తోనే, త్వరత్వరగా, ఎక్కువసేపు తినాలి. ఇవీ గాలించే జాతే. అయితే ఇసుక నేల మీద బతికే ఫిడ్లర్ పీతల నోట్లో గరిట వెంట్రుకలు ఎక్కువ, మెత్తటి బురదలో బతికేవాటికి తక్కువ. ఇసుక రేణువును తోమాలి, బురదను తోమడానికి ఏముంది? ఏ వీధిలో ఉంటే ఆ వీధికి తగ్గ పనిముట్టు.

వాటి పక్కనే బురద మీద గెంతే చేపలు, మడ్‌స్కిప్పర్లు. నీలి చుక్కలవి తలను అటూ ఇటూ ఊపుతూ బురద పైపొరను గీరి తింటాయి. వాటి బంధువు ఒకదాన్ని ప్రయోగశాలలో హైస్పీడ్ కెమెరాతో గమనిస్తే మరో సంగతి బయటపడింది. అది నోటినిండా నీళ్ళు పట్టుకుని గట్టెక్కుతుంది. తిండి కనబడగానే ఆ నీటిని కాస్త బయటికి తోసి, తిండిని తడిపి, నీటితో సహా వెనక్కి పీల్చేస్తుంది. చేపకు నాలుక లేని లోటును నీళ్ళు తీరుస్తున్నాయి. వంతెన మీద ఆగి ఇది చెబుతుంటే దారిన పోయే నలుగురు పిల్లలు ఆగి విన్నారు. ఒక అబ్బాయి వెంటనే నోట్లో నీళ్ళు పోసుకుని ప్రయత్నించాడు. అలాంటి పిల్లలున్న తరగతి ఏ టీచరుకైనా అదృష్టం.

సూర్యలంక, ఒంగోలు త్వరగా దాటేశాం. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం అది. వాటి గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి.

నేలపట్టులో మా ఆయన రోజు. 458 హెక్టార్ల చిన్న అభయారణ్యం, నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతున్నాయి. అక్కడ ఒక పెద్దాయన తన మనవరాలికి, "ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయమ్మా, పిల్లల్ని కని వెళ్ళిపోతాయి" అని చెబుతున్నాడు. మన తీరం పొడుగునా, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం దాకా, ఈ మాట వినిపిస్తుంది. పక్షుల్ని దూరదేశపు అతిథులుగా, ఊరికి మంచి తెచ్చేవాళ్ళుగా చూసుకునే మనసు చాలా గొప్పది. ఆ మనసు వల్లే చాలా చోట్ల ఈ పక్షులు బతికి బట్టకట్టాయి. కానీ చుక్కల ముక్కు గూడబాతు సైబీరియాది కాదు, మన దక్షిణాసియాదే. వానల్ని బట్టి, నీటిని బట్టి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారుతుంది. పులికాట్‌కు వచ్చే పెద్ద ఫ్లెమింగోలదీ అదే కథ, మన దేశంలో అవి పిల్లల్ని పెంచే పెద్ద స్థావరం గుజరాత్‌లోని కచ్ రణ్. దూరం నుంచి వచ్చింది కాబట్టి కాపాడాలి అనుకుంటే, మనదే అని తెలిసిన రోజున కాపాడడం మానేస్తామా? సొంత ఊరి పక్షి అని చెప్పుకోవడంలో ఇంకా ఎక్కువ గర్వం ఉంది.

గూడబాతు గాలించదు, జల్లించదు. దేవుతుంది. మరిగే నూనెలోంచి గారెలు జల్లి గరిటతో దేవినట్టు, ముక్కు కింది తోలు సంచిని నీళ్ళలోకి తోసి చేపతో సహా ఎత్తేస్తుంది. తరువాత ముక్కును రొమ్ముకు నొక్కి నీళ్ళు జారనిచ్చి, చేపను మింగుతుంది. పెద్ద వస్తువుకు పెద్ద గరిట, అంతకంటే ఆలోచించాల్సింది లేదు.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్య నుంచి పోతుంది. చిలికా తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, కొంత తమిళనాడులో. సముద్రానికీ దీనికీ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట. లోతు ఎంత తక్కువంటే చాలా చోట్ల ఫ్లెమింగో కాళ్ళు మునగవు. రోడ్డు పక్కన కారు ఆపి, ఇంజను ఆపేసి, లోపలే కూర్చున్నాం. దిగితే ఎగిరిపోతాయి, దిగకపోతే కారును అవి బండరాయిలా చూస్తాయి.

దగ్గరలో ఒక నలభై ఉంటాయి. రంగు గురించి అందరూ రాస్తారు కాబట్టి రెండు ముక్కలే. పాచిలోని, రొయ్యల్లోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల ఆ గులాబీ. చిన్నపిల్లలు బూడిదరంగులో ఉంటాయి. నాకు కావలసింది ముక్కు.

బైనాక్యులర్లు పెట్టి చూస్తే ఆ ముక్కు మధ్యలో విరిగినట్టు వంగి ఉంటుంది. ఎందుకు వంగిందో కత్తెరతో చెప్పొచ్చు. కత్తెర కొద్దిగా తెరిస్తే కొస దగ్గర సందు ఎక్కువ, మొదట్లో సందు తక్కువ. తిన్నటి ముక్కు కూడా అంతే. జల్లెడకు అది పనికిరాదు, ఒక చివర వస్తువంతా జారిపోతుంది, ఇంకో చివర మూసుకుపోతుంది. ముక్కును మధ్యలో వంచితే కొద్దిగా తెరిచినప్పుడు సందు పొడవునా ఒకేలా ఉంటుంది. తల తలకిందులు చేస్తే ఆ వంపు తరువాతి భాగం చదునుగా, నేలకు సమాంతరంగా వస్తుంది. మన కంటికి తలకిందులుగా ఉన్నది ఆ ముక్కుకు తిన్నగా ఉండడం.

ముక్కు లోపలి అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి పొరలు వరసగా ఉంటాయి. కింది దవడలో గాడి, ఆ గాడిలో మందపాటి నాలుక. నాలుక వెనక్కి లాగితే నీళ్ళు లోపలికి, ముందుకు తోస్తే బయటికి. పిచికారీలో కాడలా. లోపలికి వచ్చేటప్పుడు పెద్ద చెత్తను అంచులు ఆపేస్తాయి, బయటికి పోయేటప్పుడు చిన్న రొయ్యల్ని, పురుగు పిల్లల్ని లోపలి పళ్ళు ఆపేస్తాయి. నాలుక మీది ముళ్ళు వెనక్కి తిరిగి ఉండి వాటిని గొంతులోకి జరుపుతాయి. పెనెలోపి జెంకిన్ అనే శాస్త్రవేత్త 1957లో ఈ యంత్రాన్ని వివరంగా బయటపెట్టింది. పెద్ద ఫ్లెమింగోది రవ్వ జల్లెడ అయితే, ఆఫ్రికా సరస్సుల్లో, కచ్‌లో ఉండే చిన్న ఫ్లెమింగోది మైదా జల్లెడ. అది స్పైరులినా లాంటి సూక్ష్మమైన పాచినే పట్టుకుంటుంది. ఒకే నీళ్ళలో రెండూ నిలబడినా ఒకదాని తిండి ఇంకోదానికి అడ్డురాదు.

అమ్మాయి ప్రశ్నకు ఇక్కడి దాకా వస్తే సగం జవాబే. జల్లెడ ఎంత మంచిదైనా నేరుగా బురదలో ముంచితే ఏమవుతుంది? తడి పిండి జల్లించబోయిన వాళ్ళకు తెలుసు, రెండు ఊపుల్లో పూడుకుపోతుంది. జల్లెడకు అందించే ముందు బురదలోంచి తిండిని కాస్త వేరుచేసి ఇచ్చేవాళ్ళు కావాలి. గాలించేవాళ్ళు కావాలి.

ఆ గాలింపు 2025లో బయటపడింది. అమెరికాలో విక్టర్ ఓర్టెగా-హిమెనెజ్, ఆయన బృందం నాష్‌విల్ జంతు ప్రదర్శనశాలలోని చిలీ ఫ్లెమింగోలను గాజు తొట్టి పక్క నుంచి కెమెరాతో చూశారు, ఆ తలకూ కాళ్ళకూ నమూనాలు చేసి నీళ్ళలో కదిలించారు. ఫ్లెమింగో తలను అడుగు దాకా దించి సెకనుకు 40 సెం.మీ. వేగంతో చటుక్కున పైకి లాగుతుంది. ముక్కు చదునైన ముందు భాగం అలా లేచేసరికి దాని కింద నీళ్ళలో చిన్న సుడి, నిలువుగా లేచే సుడిగాలిలాంటిది పుడుతుంది. సుడి నడుమ ఒత్తిడి తక్కువ కాబట్టి అడుగున ఉన్న తేలిక సరుకు, అంటే రొయ్యలు, పురుగులు, పైకి లేచి అక్కడే తిరుగుతుంటాయి. అప్పుడు ముక్కును సెకనుకు 12 సార్లు టకటకలాడిస్తుంది. ఆ టకటక వల్ల నీరు ముక్కు వైపు ప్రవహిస్తుంది. నమూనా ముక్కుతో ఇలా చేయించినప్పుడు లోపలికి చేరిన రొయ్యల సంఖ్య ఏడు రెట్లు పెరిగింది. కాళ్ళూ ఊరికే లేవు. తోలు వేళ్ళతో బురద తొక్కితే ముందుకు పొర్లే సుళ్ళు లేస్తాయి, అవి సరుకును ముక్కు ముందుకు తెచ్చి పడేస్తాయి.

మా అమ్మ మణికట్టు ఊపు గుర్తొచ్చింది. ఆ ఊపు లేకపోతే బియ్యం లేవదు. బియ్యం లేవకపోతే రాయి అడుగున ఒంటరిగా మిగలదు. పీత గాలింపు నోట్లోనే చేస్తుంది. ఫ్లెమింగో నోటి బయట, సరస్సునే గిన్నె చేసుకుని గాలిస్తుంది, లేచినదాన్ని నోట్లో జల్లిస్తుంది. రెండు పరీక్షలు, ఒకటి బరువుకు, ఒకటి సైజుకు. అమ్మాయీ, బురద కొంచెం లోపలికి పోతుంది, కానీ రెండు పరీక్షలూ దాటి పొట్ట దాకా చేరేది చాలా తక్కువ.

నీళ్ళు తగ్గిన చోట రోడ్డు పక్క బురద మీద గుండ్రటి గుంటలు కనిపించాయి. మధ్యలో దిబ్బ, చుట్టూ కాలవ. ముక్కును మధ్యలో పెట్టి దాని చుట్టూ తొక్కుతూ ఫ్లెమింగో తిరిగిన జాడలు అవి. "గానుగ తిరిగినట్టుంది" అన్నారు మా ఆయన. ఇంతకన్నా మంచి పోలిక నాకు దొరకలేదు.

ఫ్లెమింగోను మనవాళ్ళు రాజహంస అని కూడా అంటారు. హంస పాలనూ నీళ్ళనూ వేరుచేస్తుందన్న నీరక్షీర న్యాయం మనకు చిన్నప్పుడే చెబుతారు. పాలలోని కొవ్వు బొట్లు మిల్లీమీటరులో వెయ్యో వంతు స్థాయిలో ఉంటాయి, ప్రొటీన్ ముద్దలు ఇంకా చిన్నవి. ఏ పక్షి ముక్కులోని జల్లెడా వాటిని ఆపలేదు. కవిసమయాన్ని కవులకు వదిలేద్దాం. ఈ హంస బురదనీ బతుకునీ వేరుచేస్తోంది, అది పాలూనీళ్ళూ వేరుచేయడం కన్నా కష్టమైన పని. పైగా ఫ్లెమింగో పాలు నిజంగానే ఉన్నాయి! తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతులోని గ్రంథుల నుంచి ఎర్రటి ద్రవం ఊరించి పిల్ల నోట్లో చుక్కలు చుక్కలుగా పోస్తారు.

రాత్రి సూళ్ళూరుపేట లాడ్జిలో నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన కింద టీకొట్టు నుంచి వాడేసిన టీపొడి ఒక పొట్లం అడిగి తెచ్చారు. ఇసుక మా చెప్పుల్లోనే కావలసినంత ఉంది. బకెట్ నీళ్ళలో రెండూ వేసి అడుగుకు దిగేదాకా ఆగాం. అరిసెల డబ్బా మూతను ఒక చెంచాకు తాడుతో కట్టి, చదునుగా అడుగు దాకా దించి, చటుక్కున పైకి లాగాను. మొదటిసారి మరీ నెమ్మదిగా లాగాను, ఏమీ కాలేదు. రెండోసారి మరీ గట్టిగా లాగితే ఇసుకా టీపొడీ కలిసి కలగాపులగమైపోయాయి. మళ్ళీ దిగనిచ్చాం. మూడోసారి, "అర సెకనులో జానెడు లేపు" అన్నారు మా ఆయన, చేతి గడియారం చూస్తూ. మూత లేచిన చోట టీపొడి సన్నటి కాడలా నిలువునా లేచి గిరగిరా తిరిగింది. అడుగున ఇసుక లేవలేదు.